చెత్తబుట్టలో పడని ఉత్తరం

ఖర్చేముందిలే అని వేలమందికి పంపితే అది స్పామ్. అడిగినవాళ్లకు, అవసరమైన వేళకు, సూటిగా పంపితే అదే వ్యాపారం! మీట నొక్కితే వెళ్లిపోయే ఈ-మెయిల్ ఓ చిన్న దుకాణానికి ఏడాది పొడవునా గిరాకీ తెచ్చిపెట్టగలదు. పద్ధతి తప్పితే ఉన్న గిరాకీనీ పోగొట్టగలదు. ఆ పద్ధతేంటి?

1978 మే 3. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థ్యుర్క్‌కి ఓ ఆలోచన వచ్చింది. కంపెనీ కొత్త కంప్యూటర్లు తయారుచేసింది. లాస్ ఏంజెలిస్, శాన్ మాటియోల్లో వాటి ప్రదర్శన పెడుతోంది. పశ్చిమతీరంలో ఉన్నవాళ్లను పిలవాలి. ఒక్కొక్కరికీ ఫోన్ చేయడమంటే అయ్యే పనేనా?

అప్పటికి ఇంటర్నెట్ అన్న మాటే జనానికి తెలియదు. పరిశోధన సంస్థల్నీ విశ్వవిద్యాలయాల్నీ కలుపుతూ అమెరికా రక్షణశాఖ ఏర్పాటుచేసిన ‘ఆర్పానెట్’ ఉండేది. దాన్ని వాడేవాళ్ల చిరునామాలతో ఓ డైరెక్టరీ కూడా ఉండేది. థ్యుర్క్ బృందం అందులోంచి చిరునామాలు ఏరి, సుమారు 400 మందికి ఒకేసారి ఒకే ఉత్తరం పంపేసింది. చిరునామాలు ఎంత ఎక్కువయ్యాయంటే, వాటికి కేటాయించిన చోటు చాలక అసలు సందేశంలోకే పొంగిపొర్లాయి!

ఇంకేముంది... ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. నెట్‌వర్క్ నిర్వాహకులు ఇది నిబంధనల్ని ఉల్లంఘించడమేనని గట్టిగా మందలించారు. అయితే ఆ ఒక్క ఉత్తరం వల్ల తమ కంపెనీకి కోటీ ముప్ఫై లక్షల డాలర్లకుపైగా అమ్మకాలు జరిగాయని తర్వాతి కాలంలో థ్యుర్క్ చెప్పుకున్నాడు. ‘స్పామ్‌కి తండ్రి’ అన్న బిరుదూ ఆయనకే దక్కింది.

ఈ-మెయిల్ వ్యాపారం కథంతా ఈ ఒక్క సంఘటనలోనే ఉంది. అది అమ్మి పెడుతుంది. చిరాకూ పెడుతుంది. అమ్మకం మిగలాలి, చిరాకు పోవాలి. చిన్న వ్యాపారులు నేర్చుకోవాల్సిన విద్య అదే.

వాట్సాప్ ఉండగా ఇదెందుకు?

నిజమే. వీధి చివర కిరాణా కొట్టుకూ పక్క కాలనీకి చీరలమ్మే ఇంటికీ ఈ-మెయిల్‌తో పెద్దగా పనిలేదు. ‘కొత్త స్టాకొచ్చింది అక్కా’ అని వాట్సాప్‌లో ఓ ఫొటో పెడితే చాలు. మరి ఈ-మెయిల్ ఎవరికి?

ఒకటి, వినియోగదారులు దూరాన ఉన్న వ్యాపారులకు. ఊరగాయలూ పూతరేకులూ పోచంపల్లి చీరలూ కొండపల్లి బొమ్మలూ డాలస్‌కో మెల్‌బోర్న్‌కో పంపేవాళ్లకు. రెండు, కంపెనీలకు అమ్మేవాళ్లకు. కార్యాలయాలకు కుర్చీలో, ల్యాబ్‌లకు గాజుసామానో అమ్మేచోట కొటేషన్లూ ఆర్డర్లూ బిల్లులూ నడిచేది ఈ-మెయిల్‌లోనే. మూడు, కొనేముందు నాలుగురోజులు ఆలోచించే వస్తువులూ సేవలూ అమ్మేవాళ్లకు. సంగీతం తరగతులు, విహారయాత్రలు, ఇంటి అలంకరణ ఇలాంటివి.

ఇంకో పెద్ద కారణం ఉంది. ఫేస్‌బుక్ పేజీకి పదివేలమంది అభిమానులున్నా మీరు పెట్టింది అందులో ఎందరికి కనపడాలో నిర్ణయించేది ఆ కంపెనీ. ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మితే కొన్నదెవరో అంగడివాడికి తెలుస్తుంది కానీ, వాళ్లను నేరుగా పలకరించే దారి మీకు దాదాపు ఉండదు. ఎస్సెమ్మెస్ ప్రకటనలకైతే ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పంపే సంస్థ పేరూ సందేశం నమూనా ముందే నమోదు చేయించుకోవాలి. వీటన్నిటి నడుమ చిరునామాల జాబితా ఒక్కటే వ్యాపారి సొంత ఆస్తి. ఏ కంపెనీ సేవ నచ్చకపోయినా ఆ జాబితా పట్టుకుని మరో కంపెనీకి మారిపోవచ్చు. వెనకటికి షావుకార్లు ఖాతాపుస్తకాన్ని ఇనప్పెట్టెలో దాచుకునేవారు. ఇప్పుడు ఈ జాబితాది అదే హోదా!

ఓ ఊరగాయ లెక్క

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. భీమవరంలోనో గుంటూరులోనో అత్తాకోడళ్లు కలిసి ఊరగాయలు పెట్టి అమెరికాలో ఉన్న మనవాళ్లకు పంపుతున్నారు. వేసవిలోనే మామిడికాయ కొనాలి, కారం ఆడించాలి, నూనె డబ్బాలు దించుకోవాలి. పెట్టుబడంతా ఆ రెండు నెలల్లోనే. ఆవకాయ జాడీలకెత్తిన తర్వాత అమ్ముడుపోకపోతే అప్పు అలాగే ఉంటుంది.

వాళ్ల దగ్గర పాత వినియోగదారుల చిరునామాలు 800 ఉన్నాయనుకుందాం. ‘ఆవకాయ సిద్ధం’ అని ఉత్తరం పంపితే 40 మంది లింకు నొక్కి, 12 మంది ఆర్డరిచ్చారనుకుందాం. తలా మూడువేల రూపాయల సరుకైతే 36 వేలు. ఒక్క ఉత్తరానికి!

ఈలోగా ఎవరో ఓ సలహా ఇస్తారు. ‘ఎనిమిది వందలేంటి! పదివేల ఎన్నారైల చిరునామాలున్నాయి, రెండువేలిస్తే ఇచ్చేస్తా’ అని. ఆశ పుడుతుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఆ పదివేలమందిలో ఈ కుటుంబం పేరు విన్నవాళ్లు ఎవరూ ఉండరు. తెలియని ఉత్తరం వస్తే కొందరు తుడిచేస్తారు. కొందరు ‘ఇది స్పామ్’ అన్న మీట నొక్కుతారు. నూటికి తొంభైతొమ్మిదిమంది పట్టించుకోకపోయినా ఫర్వాలేదు, వెయ్యికి ముగ్గురు ఆ మీట నొక్కితే చాలు... గీత దాటినట్టే. ఎందుకంటే, పెద్దఎత్తున మెయిళ్లు పంపేవాళ్లపై ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టాయి. 0.1 శాతం లోపే ఉంచుకోమని గూగుల్ సలహా. పైగా కొన్న జాబితాల్లో ఎప్పుడో మూతపడ్డ చిరునామాలుంటాయి. స్పామర్లను పట్టుకోవడానికే పెట్టిన ఎర చిరునామాలూ ఉంటాయి. వాటికి ఉత్తరం వెళ్లిందంటే పంపినవాళ్ల గుట్టు రట్టయినట్టే.

ఆ తర్వాత జరిగేదే అసలు నష్టం. మెయిల్ సంస్థల దృష్టిలో ఆ వ్యాపారం చిరునామాకే మచ్చపడుతుంది. ప్రకటనలే కాదు, పాత వినియోగదారులకు పంపే బిల్లులూ ‘మీ పార్సెల్ బయల్దేరింది’ అన్న కబుర్లూ కూడా స్పామ్ డబ్బాలోకి పోతాయి. డబ్బు కట్టిన మనిషికి కబురు అందదు. ‘మోసపోయామేమో’ అన్న అనుమానం మొదలవుతుంది. ఏళ్ల తరబడి సంపాదించుకున్న నమ్మకం రెండువేల రూపాయల జాబితాతో పోతుంది. ఆ మచ్చ పోగొట్టుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఆవకాయ సీజనేమో రెండునెలలే!

ముందు అనుమతి... తర్వాతే అమ్మకం

ఎదుటివాళ్ల అనుమతితోనే మార్కెటింగ్ చేయాలన్న సూత్రాన్ని అమెరికా రచయిత సేథ్ గాడిన్ 1999లోనే ‘పర్మిషన్ మార్కెటింగ్’ పుస్తకంలో వివరంగా చెప్పాడు. అప్పుడది మర్యాద. ఇప్పుడు చాలాదేశాల్లో చట్టం.

అమెరికాలో 2003లో చేసిన ‘క్యాన్-స్పామ్’ చట్టం ప్రకారం వ్యాపార ఉత్తరంలో పంపినవారి తపాలా చిరునామా ఉండాలి. ఇక వద్దనుకునేవాళ్లకు బయటపడే దారి చూపాలి. లోపల ఒకటి పెట్టి పైన సబ్జెక్ట్‌లో మరొకటి రాసి మభ్యపెట్టకూడదు. కెనడాలో 2014 జులై నుంచి అమలవుతున్న చట్టం ఇంకాస్త గట్టిది. అసలు అనుమతి లేనిదే పంపొద్దంటుంది. ఐరోపాలో 2018 మే నుంచి జీడీపీఆర్ అమల్లో ఉంది. మనదేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనల్ని 2025 నవంబరులో ప్రకటించి, దశలవారీగా అమలుచేస్తున్నారు. ఇచ్చిన అనుమతిని అంతే తేలిగ్గా వెనక్కి తీసుకునే హక్కు ఆ చట్టంలో ఉంది. టొరంటోలో ఉన్న మనమ్మాయికి గోంగూర పచ్చడి ప్రకటన పంపేముందు ఈ సంగతులన్నీ గుర్తుంచుకోవాలి మరి!

అయితే జాబితా పెరిగేదెలా? దారులు చాలానే ఉన్నాయి. వెబ్‌సైట్లో ఆర్డర్ తీసుకునేచోట ‘కొత్త సరుకు వచ్చినప్పుడు కబురు పంపమంటారా?’ అని చిన్న గడి పెట్టొచ్చు. ఆ గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచకూడదు, పెట్టాల్సింది కొనేవాళ్లే. పార్సెల్‌లో ఓ కార్డు వేయొచ్చు. ప్రదర్శనలో స్టాల్ పెట్టినప్పుడు పుస్తకం తెరిచి ఉంచొచ్చు. చిరునామా ఇచ్చినవాళ్లకు వెంటనే ‘మీరేనా? అయితే ఈ లింకు నొక్కండి’ అని ఓ మెయిల్ పంపి, నొక్కినవాళ్లనే జాబితాలో చేర్చుకుంటే ఇంకా మేలు. అక్షరం తప్పు రాసినవాళ్లూ ఇతరుల చిరునామా ఇచ్చినవాళ్లూ అక్కడే వడపోతలో పోతారు. జాబితా నెమ్మదిగానే పెరుగుతుంది. కానీ గట్టిగా ఉంటుంది.

‘నెలకు ఒకటి, పండగలకు మరొకటి పంపుతాం’ అని ముందే చెప్పేస్తే ఇంకా మంచిది. చెప్పిన మాట మీద నిలబడటం అంతకన్నా మంచిది.

కవరు, లక్క ముద్ర, పోస్టుమ్యాన్

చాలామంది చేసే పని... సొంత జీమెయిల్ తెరిచి చిరునామాలన్నీ ‘టు’లోనో ‘సీసీ’లోనో పెట్టి పంపేయడం. దాంతో అందరి చిరునామాలూ అందరికీ తెలిసిపోతాయి. మీ వినియోగదారుల జాబితాను మీ చేత్తోనే పోటీదారుకు ఇచ్చినట్టు! పైగా మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపడం కుదరదు.

అందుకే మొదట సొంత డొమైన్ ఉండాలి. అంటే వ్యాపారం పేరుతో వెబ్ చిరునామా. ఆ పేరుతోనే మెయిల్ పంపాలి. దానికి మూడు తాళాలు వేయాలి. పేర్లు వింటే కంగారుపుడుతుంది కానీ అసలు సంగతి మన తపాలా వ్యవహారమే.

మొదటిది ఎస్‌పీఎఫ్. ‘మా ఇంటి ఉత్తరాలు తెచ్చే పోస్టుమ్యాన్లు వీళ్లే’ అని ప్రకటించే జాబితా. వేరెవరైనా తెస్తే అనుమానించొచ్చు. రెండోది డీకిమ్. కవరు మీద లక్క ముద్రలాంటిది. ఉత్తరం మన దగ్గరి నుంచే బయల్దేరిందనీ, దారిలో ఎవరూ మార్చలేదనీ చెబుతుంది. మూడోది డీమార్క్. ముద్ర సరిపోకపోతే ఏంచేయాలో అవతలి పోస్టాఫీసుకు ముందే ఇచ్చే ఆదేశం. ‘వదిలేయండి, పక్కన పెట్టండి, తిప్పికొట్టండి’ ఈ మూడింట్లో ఏదో ఒకటి చెప్పొచ్చు.

రోజుకు 5,000కు పైగా జీమెయిల్ చిరునామాలకు పంపేవాళ్లకు ఈ మూడూ తప్పనిసరి చేసింది గూగుల్. తక్కువ పంపేవాళ్లకు కూడా మొదటి రెండింట్లో ఒకటైనా ఉండాల్సిందే. డొమైన్ అమ్మిన కంపెనీ సెట్టింగుల్లో నాలుగు వరుసలు చేర్చడమే పని. కంప్యూటర్ తెలిసిన పిల్లాడికి గంట పని!

పంపడానికి ఇందుకోసమే ఉన్న సేవలు వాడుకోవాలి. అట్లాంటాలో 2001లో ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టిన ‘మెయిల్‌చింప్’ చిన్న వ్యాపారులే ఆసరాగా ఎదిగి, 2021లో సుమారు 1,200 కోట్ల డాలర్లకు ఇన్‌ట్యూట్ చేతికి వెళ్లింది. చెన్నై నుంచి ఎదిగిన జోహోకూ ఇలాంటి సేవ ఉంది. చిరునామాల సంఖ్యనో పంపే ఉత్తరాల సంఖ్యనో బట్టి వీటి ధరలుంటాయి. కొత్త డొమైన్ నుంచి మొదటిరోజే అందరికీ పంపేయకూడదు. ముందు యాభై, తర్వాత వంద, ఆపై రెండొందలు... అలా పెంచుకుంటూ పోవాలి. కొత్త కోడలు మొదటిరోజే ఇంట్లో పెత్తనం చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే!

ఆ ఒక్క వరుసే ప్రాణం

ఉత్తరం ఇన్‌బాక్స్‌దాకా చేరింది. తెరుస్తారా? అది తేలేది రెండింటి మీద. పంపిందెవరు, సబ్జెక్ట్ ఏంటి.

పంపిందెవరన్నచోట ‘ఇన్‌ఫో’ అనో ‘అడ్మిన్’ అనో ఉంటే తెరవబుద్ధి కాదు. వ్యాపారం పేరు ఉండాలి. అన్నిసార్లూ అదే పేరు ఉండాలి. సబ్జెక్ట్ విషయానికొస్తే... ‘భారీ తగ్గింపు!!! త్వరపడండి!!!’ లాంటివి రోజుకు ఇరవై వస్తాయి. ‘ఈ ఏడాది ఆవకాయ జాడీలకెత్తాం’ అన్నది ఒక్కటే వస్తుంది. ఏది తెరుస్తారో చెప్పక్కర్లేదు. ఫోన్ తెరమీద నాలుగైదు తెలుగు మాటలకు మించి కనిపించవు కాబట్టి అసలు మాట ముందే రావాలి. సబ్జెక్ట్ పక్కన లేతరంగులో కనిపించే వరుసను చాలామంది వదిలేస్తారు. దాన్నీ రాసుకోవచ్చు. ‘ఈసారి వెల్లుల్లి లేనిది కూడా ఉంది’ అంటే కావాల్సినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

సబ్జెక్ట్ విలువ ఎంతో తెలియాలంటే ఒబామా సంగతి చెప్పుకోవాలి. 2012 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఆయన బృందం విరాళాల కోసం పంపిన ప్రతి మెయిల్‌కీ రకరకాల సబ్జెక్టులు రాసి, ముందు కొద్దిమందికి పంపి చూసేది. ఎక్కువ విరాళాలు తెచ్చినదాన్నే మిగతా లక్షలమందికి పంపేది. ఆ ఏడాది జూన్‌లో పంపిన ఒక మెయిల్‌కి ‘ప్రత్యర్థి నాకంటే ఎక్కువ ఖర్చుపెట్టబోతున్నాడు’ అన్న అర్థమొచ్చే సబ్జెక్ట్ గెలిచింది. 26 లక్షల డాలర్లకుపైగా వచ్చాయి. పరీక్షలో అన్నిటికన్నా వెనకబడిన సబ్జెక్ట్‌తో పంపి ఉంటే నాలుగు లక్షలే వచ్చేవని వాళ్ల లెక్క. ఉత్తరం ఒకటే, తేడా ఒక్క వరుస! ‘హే’ అన్న ఒక్క పలకరింపు కూడా బాగా పనిచేసింది. అయితే ఏ చిట్కా అయినా కొన్నాళ్లకు పాతబడిపోతుందనీ, మళ్లీ కొత్తది వెతుక్కోవాల్సిందేననీ కూడా వాళ్లకు తెలిసొచ్చింది.

ఒక ఉత్తరం... ఒకటే పని

తెరిచాక ఏం కనిపించాలి? చాలామంది కరపత్రాన్ని ఫొటోతీసి అదే అతికించేస్తారు. ఫొటోలు కనిపించకుండా పెట్టుకున్నవాళ్లకు అదంతా ఖాళీ తెరే. ధర, తేదీ, కొనాల్సిన లింకు ఎప్పుడూ అక్షరాల్లోనే ఉండాలి. ఫొటో ఒకటో రెండో చాలు. ఉత్తరం వెనక ఉండే కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాదాన్ని కత్తిరించి దాచేస్తుంది. సాధారణంగా అడుగున ఉండే ‘ఇక వద్దు’ లింకు కూడా అందులోనే పోతుంది.

ఒక ఉత్తరంలో ఒకటే పని పెట్టాలి. ఆవకాయ సంగతి చెప్పి, మధ్యలో కందిపొడి, చివర్లో ఫేస్‌బుక్ పేజీ, కింద పోటీ... ఇన్ని పెడితే చదివేవాళ్లు దేన్నీ నొక్కరు. ఉత్తరం ఉత్తరంలాగే ఉండాలి. ‘ఈసారి కాయ ఆలస్యమైంది. వానలకు పులుపు తగ్గిందని వారం ఆగి కొన్నాం. అరకిలో, కిలో డబ్బాల్లో ఉంది. 15వ తేదీలోపు చెబితే రాఖీ పండక్కి అందుతుంది’... ఇలా రాస్తే ఇంట్లోవాళ్లు రాసినట్టుంటుంది. అందులో అబద్ధం ఉండకూడదు. ఆలస్యం కాకపోతే అయిందని రాయకూడదు. ‘ఇదే ఆఖరి రోజు’ అని రాసి, మర్నాడు మళ్లీ ‘మరొక్కరోజు’ అంటే ఆ తర్వాత ఏ ఆఖరి రోజునూ ఎవరూ నమ్మరు.

‘ఈ మెయిల్‌కి జవాబు ఇవ్వకండి’ అని రాసే అలవాటు పెద్ద కంపెనీలది. చిన్న వ్యాపారి ఎప్పుడూ ఆ పని చేయకూడదు. ‘ఉప్పు కాస్త ఎక్కువైందండీ’ అని ఒకరు జవాబు రాశారంటే మిగతా పదిమంది చెప్పకుండా మానేసిన మాట తెలిసినట్టే.

అందరికీ ఒకటే తిరగమోతా?

జాబితాలో అందరూ ఒకలా ఉండరు. కొత్తగా చేరినవాళ్లు కొందరు, ఏటా కొనేవాళ్లు కొందరు, రెండేళ్లుగా ఉలుకూపలుకూ లేనివాళ్లు కొందరు. కనీసం ఈ మూడు గుంపులుగా విడదీసుకోవాలి. నిన్ననే కిలో కొన్నవాళ్లకు ఇవాళ ‘పది శాతం తగ్గింపు’ అని పంపితే ఆనందించరు, నిన్న తొందరపడ్డామే అని బాధపడతారు!

కొన్ని ఉత్తరాలు ఒకసారి రాసి పెట్టుకుంటే వాటంతటవే వెళ్తాయి. చేరగానే ‘స్వాగతం’. డబ్బు కట్టగానే రసీదు. పార్సెల్ అందిన వారానికి ‘ఎలా ఉంది?’. అరకిలో డబ్బా ఎన్నాళ్లకు అయిపోతుందో పాత ఆర్డర్ల తేదీలు చూస్తే తెలుస్తుంది. ఆ సమయానికి ‘డబ్బా అడుగుకొచ్చిందా?’ అన్న ఉత్తరం. అవసరమున్నప్పుడు వస్తుంది కాబట్టి ఇది ప్రకటనలా ఉండదు.

పంపే వేళ కూడా ముఖ్యమే. మనం పొద్దున తొమ్మిదింటికి పంపితే డాలస్‌లో వేసవిలో ముందురోజు రాత్రి పదిన్నర. నిద్రకు వెళ్లే వేళ. అక్కడ ఉదయం పదింటికి అందాలంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. చలికాలంలో తొమ్మిదిన్నర. మేలుకుని కూర్చోనక్కర్లేదు. వేళ చెప్పిపెడితే అదే వెళ్తుంది.

ఏది నిజం లెక్క?

‘వందమందికి పంపితే అరవైమంది తెరిచారు’ అని తెరమీద కనిపించగానే సంబరపడిపోవద్దు. ఆ లెక్క ఎలా వస్తుందంటే... ఉత్తరంలో కంటికి కనిపించని చుక్కంత బొమ్మ ఉంటుంది. ఉత్తరం తెరిస్తే ఆ బొమ్మ లోడవుతుంది, అది చూసి ‘తెరిచారు’ అని రాసుకుంటారు. అయితే 2021 సెప్టెంబరులో ఆపిల్ ఐఫోన్లలో ఓ మార్పు తెచ్చింది. గోప్యత కావాలని ఎంచుకున్నవాళ్ల ఆపిల్ మెయిల్‌లో మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే లోడయిపోతాయి. అమెరికాలో ఐఫోన్లు ఎక్కువ కాబట్టి ఎన్నారైలకు అమ్మేవాళ్లకు ఈ లెక్క మరీ తప్పు.

మరి ఏం చూడాలి? లింకు నొక్కింది ఎందరు, జవాబు రాసింది ఎందరు, కొన్నది ఎందరు, వద్దని వెళ్లిపోయింది ఎందరు. ఈ నాలుగూ ఓ నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు.

ఒబామా బృందంలా రెండు రకాలు పంపి పోల్చి చూడొచ్చా? చూడొచ్చు. కానీ వాళ్లది లక్షల జాబితా. 800 మందిని చెరిసగం చేసి, ఒక సగంలో ఎనిమిదిమంది, మరో సగంలో ఐదుగురు కొన్నారనుకోండి... అది సబ్జెక్ట్ గొప్పతనమా, యాదృచ్ఛికమా చెప్పలేం. రూపాయి బిళ్లను పదిసార్లు ఎగరేస్తే ఆరుసార్లు బొమ్మ పడటంలాంటిదే. చిన్న జాబితా ఉన్నవాళ్లు చిన్నచిన్న తేడాలను నమ్మకూడదు. ఒకే పరీక్షను నాలుగైదు ఉత్తరాల్లో చేసి, ప్రతిసారీ అదే గెలుస్తుంటే అప్పుడు నమ్మాలి.

వెళ్లేవాళ్లకు గౌరవంగా...

‘ఇక వద్దు’ అన్న లింకును కంటికి కనిపించనంత చిన్న అక్షరాల్లో దాచేవాళ్లున్నారు. నొక్కితే పాస్‌వర్డ్ అడిగేవాళ్లూ ఉన్నారు. బయటికెళ్లే తలుపు దొరకనివాళ్లు ఏంచేస్తారు? పక్కనే ఉన్న ‘స్పామ్’ మీట నొక్కుతారు. ఒకరు వెళ్లిపోతే పోయేది ఒక చిరునామా. ఒకరు స్పామ్ అంటే పోయేది మీ పరువు. పెద్దఎత్తున పంపేవాళ్లు ఒక్క నొక్కుతో బయటపడే వీలు కల్పించాలనీ, రెండురోజుల్లో పేరు తీసేయాలనీ 2024 నిబంధనల్లోనే ఉంది. చిన్నవాళ్లూ అదే పాటిస్తే మంచిది.

ఏడాదిగా దేన్నీ నొక్కని, ఏమీ కొననివాళ్లకు ఒక ఉత్తరం రాయాలి. ‘ఇంకా పంపమంటారా? వద్దంటే ఏమీ అనుకోం’ అని. జవాబు రాకపోతే పేరు తీసేయాలి. జాబితా తగ్గుతోందని బెంగక్కర్లేదు. సేవకు కట్టే డబ్బు తగ్గుతుంది. మిగిలినవాళ్లకు ఉత్తరం చేరే అవకాశం పెరుగుతుంది.

మరో జాగ్రత్త... జాబితా ఉన్న ఖాతాకు గట్టి పాస్‌వర్డ్, ఫోన్‌కి కోడ్ వచ్చే రెండంచెల తాళం ఉండాలి. అది దొంగల చేతిలో పడితే మీ పేరుతోనే ‘ఖాతా నంబరు మారింది, డబ్బు ఇక్కడికి పంపండి’ అని ఉత్తరాలు వెళ్తాయి. నమ్మి పంపేది మీ పాత వినియోగదారులే!

హాట్‌మెయిల్ చెప్పిన పాఠం

భారతీయుడైన సబీర్ భాటియా, ఆయన మిత్రుడు జాక్ స్మిత్ కలిసి 1996 జులై 4న హాట్‌మెయిల్ ప్రారంభించారు. పెద్దగా ప్రకటనల ఖర్చు పెట్టలేదు. వినియోగదారులు పంపే ప్రతి మెయిల్ అడుగునా ‘హాట్‌మెయిల్‌లో మీరూ ఉచితంగా ఖాతా తెరవండి’ అన్న అర్థంలో ఒక్క వరుస చేర్చారంతే. ఒక ఉత్తరం వెళ్తే అవతలి మనిషికి తెలిసేది. ఆయన తెరిస్తే ఆయన మిత్రులకు తెలిసేది. ఏడాదిన్నర తిరక్కుండానే 1997 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది.

చిన్న వ్యాపారికీ ఇందులో ఓ సూచన ఉంది. ఎవరైనా తప్పకుండా తెరిచేది రసీదునూ పార్సెల్ కబురునూ. డబ్బు కట్టారు కదా! ఆ ఉత్తరం అడుగున ఒక్క వరుస... ‘మీ స్నేహితులకు కావాలంటే ఈ లింకు పంపండి’. అంతకు మించొద్దు.

మొదటి మూడు నెలలు ఇలా...

మొదటి నెల: సొంత డొమైన్, మూడు తాళాలు. పాత ఆర్డర్ల నుంచి కొన్నవాళ్ల చిరునామాలు ఒకచోట చేర్చి, కబుర్లు పంపొచ్చా అని ఒక్కొక్కరినీ అడగడం. సరేనన్నవాళ్లతోనే జాబితా.

రెండో నెల: స్వాగతం ఉత్తరం, రసీదు, ‘ఎలా ఉంది?’ ఉత్తరం రాసిపెట్టుకోవడం. ముందు ఇంట్లోవాళ్ల ఫోన్లకు పంపి, అక్షరాలూ లింకులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం.

మూడో నెల: మొదటి ఉత్తరం. ఒకటే వస్తువు, ఒకటే లింకు. నాలుగు లెక్కలూ పుస్తకంలో రాసుకోవడం. వచ్చిన ప్రతి జవాబుకూ అదేరోజు మళ్లీ జవాబు రాయడం.

ఇవన్నీ చేస్తే రాత్రికి రాత్రే ఆర్డర్లు కుప్పలుతెప్పలుగా వచ్చిపడవు. కానీ వచ్చే వేసవికి మామిడికాయ ఎంత కొనాలో అప్పుచేసి ఊహించుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. ‘ఈ ఏడాది మీకెంత కావాలి?’ అని కాయ కొనకముందే అడిగే వీలుంటుంది. అడిగితే జవాబు రాసే నాలుగొందలమంది ఉంటే చాలు... చిన్న వ్యాపారానికి అంతకన్నా ధైర్యం ఏముంటుంది!